ఏడు గంటల వంతు

కోత మిల్లులో అతన్ని అందరూ పళ్ళ డాక్టరు అంటారు. మనిషి పళ్ళ గురించి అతనికి ఓనమాలు కూడా రావు. ఆ మాటకొస్తే తన నోట్లోనే ముందు పళ్ళు రెండు లేవు. అతను చూసేది రంపం పళ్ళు. మొద్దుబారిన రంపపు పట్టీని మిషను మీంచి దింపి, తన గదిలో కొయ్యలకు తగిలించి, ఒక్కో పన్నుకీ ఆకురాయి పట్టి, ఒకటి ఎడమకీ ఒకటి కుడికీ వంచి మళ్ళీ పంపుతాడు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఆ గదికి తలుపు లేదు. ఎదురుగా పెద్ద రంపం కనపడుతూనే ఉంటుంది. పొట్టు వచ్చి కళ్ళలో పడుతోంది, తలుపు పెట్టించండి బాబూ అని అతను ఎన్నిసార్లు మొత్తుకున్నాడో లెక్క లేదు. ఆ శనివారం తలుపు ఉండి ఉంటే ఎంత హాయిగా ఉండేదో అని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

శనివారం పదకొండింటికి మిషను ఆగింది. ఆపింది అతని బావ, అక్క మొగుడు. రంపానికి అవతలి వైపు నిలబడి కోసిన పలకలు అందుకోవడం ఆయన పని. లావు దుంగలు ఇరుక్కుంటున్నాయని చేతులు తెగకుండా రంపం ముందుండే ఇనుప రేకును మేస్త్రి పొద్దున్నే ఊడదీయించాడు.

"రేకు బిగించేదాకా నేను చెయ్యి పెట్టను మేస్త్రీ," అన్నాడు బావ.

"చెయ్యి ఎలా పెట్టాలో నన్ను నేర్పమంటావా?"

"నువ్వేం నేర్పక్కర్లేదు. రేకు బిగించు చాలు."

మేస్త్రి మీట నొక్కాడు. రంపం మళ్ళీ తిరగడం మొదలెట్టింది. బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దుంగల బండి తోసేవాళ్ళిద్దరూ అప్పటికే ఇంకో దుంగ కోసం బయటికి వెళ్ళారు. మేస్త్రి బండి చుట్టూ తిరిగి వచ్చి బావ చెంప మీద ఒక్కటి పీకాడు. టోపీ ఎగిరి పొట్టులో పడింది. రెండో దెబ్బకి బావ మోచెయ్యి అడ్డం పెట్టాడు. దాంతో మేస్త్రికి ఒళ్ళు మండిపోయి రెండు చేతులతో రొమ్ము మీద ఒక్క తోపు తోశాడు. బావ వెనక్కి తూలి, పడిపోకుండా ఏదో ఒకటి పట్టుకుందామని కుడిచెయ్యి వెనక్కి చాచాడు. అక్కడ పట్టుకోవడానికి రంపం తప్ప ఏమీ లేదు.

దుంగ కోసేటప్పుడు వచ్చే చప్పుడే వచ్చింది. నాలుగు వేళ్ళు పొట్టులో రాలాయి. బావ తల బండి అంచుకు కొట్టుకుంది, మనిషి అక్కడే పడిపోయాడు. నెత్తురు రంపం వేగానికి ఎగిరి ఎదురు గోడ మీద ఒక్క గీత గీసింది. మేస్త్రి మీట లాగి ఇటు తిరిగాడు. గదిలో ఆకురాయి పట్టుకుని పళ్ళ డాక్టరు నిలబడి ఉన్నాడు. ఇద్దరి కళ్ళూ కలిశాయి.

"తాగొచ్చాడు. తాగొచ్చి రంపం మీద పడ్డాడు," అని మేస్త్రి కేకలు పెట్టాడు. జనం పరిగెత్తుకొచ్చి బావని ఎత్తుకుపోయాక, మేస్త్రి తీరిగ్గా గదిలోకి వచ్చి డాక్టరు మెడ వెనక చెయ్యి వేసి నొక్కాడు. "నువ్వు తలొంచుకుని పని చేసుకుంటున్నావ్. అంతేగా?"

ఆ చెయ్యి సంగతి డాక్టరుకి కొత్త కాదు. ముందు పళ్ళు రెండూ రాలింది దాని దెబ్బకే.

"అంతే," అన్నాడు.

మధ్యాహ్నానికి రంపపు పట్టీని దింపి అతని గదిలోకే తెచ్చారు. సోమవారం నుంచి మళ్ళీ కోత ఉందట. పళ్ళ సందుల్లో ఎండిన దాన్ని అతను ఇనుప బ్రష్షుతో గీకాడు, నూనె రాశాడు, ఆకురాయి పట్టాడు. మూడు వందల ముప్పై పళ్ళు. మామూలుగా రెండు గంటల పని, ఆ రోజు సాయంత్రం దాకా పట్టింది.

బావ ఒకప్పుడు పీపాలు ఖాళీ చేసిన మనిషే, అది అందరికీ తెలుసు. మూడేళ్ళ కిందట బాప్తిస్మం తీసుకున్న రోజు నుంచి చుక్క ముట్టలేదు. అదీ అందరికీ తెలుసు. కానీ మొదటిది నమ్మినంత సులువుగా రెండోది ఎవరు నమ్ముతారు? ఆదివారం ప్రార్థన హాల్లో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. మళ్ళీ జారిపోయాడే పాపం అన్నారు. జాలి పడటంలో జనానికి ఉండే రుచి అంతా ఇంతా కాదు. ముందు వరసలో సంఘ పెద్దగా కూర్చున్న మేస్త్రి తల వంచుకుని అందరికంటే గట్టిగా నిట్టూర్చాడు. ఆ మనిషికి మిల్లులో చెయ్యి, హాల్లో నోరు. రెండూ పెద్దవే.

పాస్టరు గారి తల్లిని అందరూ మోకాళ్ళమ్మ అంటారు, రోజులో సగం మోకాళ్ళ మీదే ఉంటుంది కనక. శుక్రవారం పదింటికి మిల్లు ఆఫీసులో బావ ప్రమాదం మీద విచారణ ఉంది కాబట్టి సోమవారం నుంచి శుక్రవారం దాకా తెల్లవారుజామున గొలుసు ప్రార్థన పెట్టింది ఆమె. నాలుగింటికి తనే మొదలు పెడుతుంది. గంటకి ఒకరు. ఆ హాల్లో గొలుసుకి ఒకటే నియమం. తర్వాతి మనిషి వచ్చి భుజం తట్టేదాకా మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళు లేవకూడదు. ఇల్లు కాలిపోతున్నా సరే. ఆఖరివాళ్ళు ఎనిమిదింటికి ఆమెన్ చెప్పి తలుపు తాళం వేయాలి. పాస్టరు గారు ఐదింటికి ఒప్పుకున్నారు. ఆరింటికి మేస్త్రి చెయ్యెత్తాడు. ఏడింటికి ఎవరు అంటే అందరూ పళ్ళ డాక్టరు వైపు చూశారు. సొంత బావ కోసం ఆ మాత్రం చెయ్యడా?

సోమవారం ఏడింటికి అతను హాల్లోకి వెళ్ళేసరికి మేస్త్రి గొంతు గోడలకు కొట్టుకుంటోంది. "తాగుడు ఊబిలోకి మళ్ళీ జారిన మా సహోదరుణ్ణి లేవనెత్తు తండ్రీ. మళ్ళీ నీ దగ్గరికి తెచ్చుకో తండ్రీ." డాక్టరు వేలి కొసతో భుజం తట్టాడు. మేస్త్రి లేచి ప్యాంటు దులుపుకుని, పోతూ పోతూ అతని మణికట్టు పట్టుకున్నాడు.

"శుక్రవారం నిన్ను కూడా పిలుస్తారు. ఏం చెప్పాలో బాగా ప్రార్థన చేసుకుని చెప్పు."

తర్వాత అతను ఆ వెచ్చటి చాప మీదే మోకరించాల్సి వచ్చింది. "ప్రభువా, మా బావ..." అన్నాడు. అక్కడే ఆగిపోయాడు. బావని బాగు చెయ్యి అంటే, ఎలా పాడయ్యాడురా అని పైనుంచి ఎదురు ప్రశ్న వస్తుందేమోనని భయం. గంటసేపు నోరు మెదపకుండా కూర్చుని తాళం వేసి పనిలోకి పోయాడు.

మంగళవారం సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాడు. బావకి ముందురోజే తెలివొచ్చింది. కుడిచెయ్యి మోచేతి దాకా తెల్లటి మూటలా ఉంది. తలకి కట్టు. పొద్దున మిల్లుకి వచ్చినట్టు గుర్తుంది, ఆ తర్వాత ఏమీ గుర్తు లేదు.

"నువ్వు చూళ్ళేదురా?" అని అడిగాడు బావ. "ఎదురుగానే ఉంటావుగా."

అక్క మంచం పక్కన నిలబడి తమ్ముడి మొహంలోకే చూస్తోంది.

"తలొంచుకుని పని చేసుకుంటున్నా బావా."

"నీ తల ఎప్పుడూ ఒంగే ఉంటుంది," అంది అక్క. అతనికి టీ తెప్పించింది, బిస్కెట్లు పెట్టింది.

బుధవారం ఏడింటికి మోకరించగానే అతని నోరు దానంతటదే తెరుచుకుంది. "ప్రభువా, వాడి చెయ్యి కూడా తెగాలి. అదే రంపం, అదే కుడి చెయ్యి. ఈసారి పళ్ళు ఇంకా పదును పెడతాను. వాణ్ణి నా కళ్ళ ముందు నేల మీద పడి దొర్లేలా చెయ్యి. వాడి నోట్లో ఆ ప్రార్థనలు వాడి నెత్తుటితోనే..." ఇంకా చాలా అన్నాడు. అనేకొద్దీ గొంతు పెరిగింది. పిడికిలితో బల్లని గుద్దాడు, కణుపు చిట్లి నెత్తురొచ్చింది. తాళం వేసి బయటికొస్తే మోకాళ్ళమ్మ వరండాలో కూర్చుని ఉంది.

"రెండు రోజులు నీ గంట మూగగా పోయింది. ఇవాళ నోరు విప్పావు."

"తిట్టాను అమ్మా."

"విన్నాలే. దేవుడికి చెవుడు లేదు, నాకూ లేదు. ఎవణ్ణి తిట్టావో అడగను. రేపు కూడా రా."

"ఇలాంటి నోరేసుకుని ఎందుకు రావడం?"

"గంటసేపు ఎవడూ తిట్టలేడు నాయనా. మా ఆయన మీద నేను ప్రయత్నించి చూశాను. ఇరవై నిమిషాలకి తిట్లన్నీ అయిపోతాయి. మిగిలిన నలభై నిమిషాలు ఉన్నాయే, అదీ ప్రార్థన. నువ్వు ఇరవైకే లేచిపోకుండా ఉంటే చాలు." ఆమె కర్ర ఊతంతో లేచింది. "ఇంకోటి. ఒకళ్ళ కోసం మోకరిస్తే వాళ్ళ బరువు మన మెడకి చుట్టుకుంటుంది. దింపుకుందామంటే కుదరదు."

అతనికి అదేమీ తలకెక్కలేదు. తెగాల్సిన చెయ్యి ఒక్కటే కళ్ళ ముందు ఆడుతోంది.

గురువారం మధ్యాహ్నం మిల్లులో బండి తోసేవాడొకడు రేకు సంగతి ఎత్తబోయాడు. మేస్త్రి చెప్తే రేకు ఊడదీసింది తనేనని విచారణలో చెప్పాల్సొస్తుందేమో అన్నాడు. మేస్త్రి చేతిలో ఉన్న చెక్క ముక్కతోనే వాడి వీపు చిట్లేలా రెండు వేశాడు. వాడు నేల మీద కుక్కలా ముడుచుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పనిలో మునిగిపోయారు, అందరికంటే ముందు మునిగింది పళ్ళ డాక్టరు.

ఆ సాయంత్రం ఆసుపత్రిలో బావ మొహం తేటగా ఉంది. కూర్చోరా అని మంచం మీద చోటిచ్చాడు.

"నీకో మాట చెప్పాలి. నేను తాగే ఉంటానురా."

"ఎవరన్నారు?"

"ఒకళ్ళు అనడం ఏంటి, ఊరంతా అంటున్నారుగా. నాకేమో గుర్తు లేదు. మొదట్లో కాదనుకున్నా. కానీ నాలుగు రోజులుగా ఇంతమంది తెల్లవారుజామున లేచి నా తాగుడు కోసం ప్రార్థన చేస్తున్నారు. మేస్త్రి కూడా. నువ్వు కూడా. లేనిదానికి ఊరికే చేస్తారా? నాలో నేను వెతుక్కున్నా. వెతికితే దొరకనిదేముంది. ఇవాళ పాస్టరు గారొస్తే ఒప్పేసుకున్నా. తాగాను, క్షమించమని దేవుణ్ణి అడగండయ్యా అని ఏడ్చేశాను. ఆయన కూడా ఏడ్చారు. రేపు విచారణలో కూడా అదే చెప్తా. మనసు తేలిక పడింది."

అక్క గోడకి తిరిగి నిలబడింది. ఆమె వీపు కదులుతోంది.

అతను మంచం మీంచి లేచాడు. బావ చెయ్యని పాపానికి ఏడుస్తుంటే, చేసినవాడూ చూసినవాడూ చెరో గంటా పంచుకుని ఆ మనిషి కోసం మోకరిస్తున్నారు. బయటికొచ్చి ఆసుపత్రి గోడకి నుదురు కొట్టుకున్నాడు. రేపు తేల్చేస్తాను అనుకున్నాడు. ఎలా తేల్చాలో కూడా అప్పుడే తేల్చుకున్నాడు.

శుక్రవారం ఏడుకి పది నిమిషాల ముందే అతను హాలు గుమ్మంలోకి వచ్చాడు. గుడ్డలో చుట్టిన పెద్ద ఆకురాయి చంకలో ఉంది. రెండడుగుల ఉక్కు ముక్క. చెప్పులు బయట విడిచి, మేస్త్రి వెనక ఒక్క అడుగు దూరానికి వచ్చి నిలబడ్డాడు. మేస్త్రి కళ్ళు మూసుకుని ఉన్నాడు. కుడిచెయ్యి ముందున్న బల్ల మీద వెల్లకిలా పడి ఉంది. దాన్నే ఒక్క దెబ్బ. మణికట్టు మీద పడితే ఆ చెయ్యి ఇంకెవడి మీదా లేవదు. గుడ్డ విప్పాడు. పైకెత్తాడు.

"లేవనెత్తు తండ్రీ," అని అరుస్తున్నాడు మేస్త్రి.

గడియారం ఏడు కొట్టింది. మేస్త్రి ఇక భుజం మీద చెయ్యి పడుతుందని చూస్తున్నట్టు వీపు సర్దుకున్నాడు. చెయ్యి పడలేదు. ఆకురాయి కూడా పడలేదు. డాక్టరు దాన్ని అలాగే ఎత్తి పట్టుకున్నాడు. ఇప్పుడు, ఇప్పుడు అనుకుంటున్నాడు. మేస్త్రి అరుపులు ఐదు నిమిషాల్లో అయిపోయాయి. అన్నవే మళ్ళీ అన్నాడు. ఆ తర్వాత దగ్గాడు. కాళ్ళు అటూ ఇటూ మార్చాడు. అయినా లేవలేదు, వెనక్కి తిరగలేదు. ఆ నియమం ఆ మనిషి మీద కూడా పని చేస్తోందని డాక్టరుకి ఆశ్చర్యమేసింది. ఏడుంపావు దాటింది. తొడలు పట్టేసినట్టున్నాయి, మేస్త్రి నోట్లోంచి మూలుగు వచ్చింది. అప్పుడు చాలా చిన్న గొంతుతో మొదలు పెట్టాడు. మిల్లులో గానీ హాల్లో గానీ ఎవరూ వినని గొంతు అది.

"వాడు రాలేదు ప్రభువా. పారిపోయి ఉంటాడు. వాడు చూశాడు. పళ్ళ డాక్టరు చూశాడు. వాడి నోరు తెరువు. నేను చెప్పలేను. నోటిదాకా వస్తుంది, మళ్ళీ మింగేస్తా. రోజూ ఆరింటికి వచ్చి అరుస్తున్నది అందుకే, అది బయటికి రాకుండా. వాడికి ధైర్యమియ్యి. వాడు చెప్తే నేను కాదనను. నా వల్ల కాదు ప్రభువా, వాడి నోరే తెరువు."

డాక్టరుకి ముందు కోపమే వచ్చింది. అన్నీ చేసి, ఆఖరికి ఇది కూడా నా మీదే వేస్తావురా అనుకున్నాడు. ఆ వెంటనే బుధవారం తను అడిగింది గుర్తొచ్చింది. నువ్వే తెగ్గొట్టు ప్రభువా అన్నాడు తను. వాడి చేతే చెప్పించు ప్రభువా అంటున్నాడు వీడు. ఎవడి పని వాడు చెయ్యకుండా ఇద్దరూ ఒకే చాప మీద దేవుణ్ణి కూలికి పిలుస్తున్నారు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. ఆకురాయి దించి బల్ల మీద పెట్టాడు. ఆ చప్పుడుకి మేస్త్రి ఉలిక్కిపడ్డాడు కానీ కళ్ళు తెరవలేదు. డాక్టరు మేస్త్రి భుజం మీద అరచెయ్యి మొత్తం ఆన్చి తట్టాడు.

"లేవండి మేస్త్రీ. నా వంతు."

మేస్త్రి కళ్ళు తెరిచాడు. బల్ల మీద ఉక్కు ముక్కని చూశాడు. గడియారం చూశాడు.

"అదెందుకు తెచ్చావ్?"

"కొడదామని."

"మరి కొట్టు."

"ఇది నా గంట. ఇందులో ఏం చెయ్యాలో నేను చూసుకుంటా. లేవండి."

మేస్త్రి లేవలేకపోయాడు, కాళ్ళు మొద్దుబారిపోయాయి. ఉన్నచోటే పక్కకి ఒరిగి గోడకి జారగిలబడ్డాడు. డాక్టరు మోకరించాడు. ఐదు రోజుల్లో మొదటిసారి తిట్టు కాని మాట అడ్డం పడకుండా వచ్చింది. "ప్రభువా, నాకు నోరియ్యి. ఈయనకి కాళ్ళియ్యి. మా బావ కోసం ఇంకేం అడగను, ఆయన బాగానే ఉన్నాడు. పాడయింది మేమే." అంతకంటే అడగాల్సింది ఏమీ తోచలేదు. అయినా ఎనిమిదయ్యేదాకా లేవలేదు. మేస్త్రి కూడా వెళ్ళిపోలేదు.

విచారణ మిల్లు ఆఫీసు గదిలో జరిగింది. పెద్దాఫీసు నుంచి వచ్చిన కళ్ళజోడు ఆయన బల్ల వెనక కూర్చున్నాడు. బావని అక్క ఆటోలో తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. మేస్త్రి కిటికీ పక్కన నిలబడ్డాడు. ముందు బావని అడగబోతుంటే డాక్టరు అడ్డం వచ్చాడు.

"ముందు నేను చెప్తానండి. నేను చూశాను. చూడలేదని ఆరు రోజులుగా అబద్ధం చెప్తున్నాను. మా బావ తాగలేదు. రేకు లేదని మిషను ఆపాడు. మేస్త్రి చెంప మీద కొట్టి రంపం మీదికి తోశాడు."

అక్క చేతిలోని సంచి జారి కింద పడింది. కళ్ళజోడు ఆయన మేస్త్రి వైపు తిరిగాడు. "నువ్వేమంటావు?"

మేస్త్రి నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. పెదవులు కదిలాయి, మాట పైకి వచ్చినట్టే వచ్చింది. వచ్చింది మాత్రం చెయ్యి. రెండంగల్లో దాటి వచ్చి డాక్టరు చెంప పగలగొట్టాడు. డాక్టరు వెనక్కి తూలాడు, నడుం బల్ల అంచుకి తగిలింది, సిరాబుడ్డి కాగితాల మీద ఒలికింది. పట్టు కోసం వెనక్కి పోయిన కుడిచెయ్యి బల్ల మీద ఆనింది. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి దిగింది. తిరిగి కొడతాడేమోనని గదిలో అందరూ చూశారు. అతను చెయ్యెత్తలేదు.

కళ్ళజోడు ఆయన లేచి నిలబడి ఉన్నాడు. "ఇలాగేనా?"

"ఇలాగేనండి. అప్పుడు వెనక బల్ల లేదు, రంపం ఉంది."

మేస్త్రి తన అరచేతి వంక చూసుకున్నాడు. వెనక్కి నడిచి కిటికీ కింద కూలబడ్డాడు. "కాదనను సార్," అన్నాడు, ఆ చిన్న గొంతుతోనే. "కాదనను. రాసుకోండి."

ఆ తర్వాత రాయాల్సినవి చాలా రాశారు. పోలీసులకి ఫోను వెళ్ళింది. బావ మాత్రం అవేవీ పట్టించుకోలేదు. బావమరిది వంకే చూస్తున్నాడు.

"అయితే నేను తాగలేదా?"

"లేదు బావా."

"ఒక్క చుక్క కూడా?"

"ఒక్క చుక్క కూడా లేదు. నిటారుగా నిలబడి ఉన్నావు. చేతులు కట్టుకుని."

బావ పొట్ట పట్టుకుని నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. పోయిన వేళ్ళ ఊసే లేదు. "ఇప్పుడు పాస్టరు గారికి ఏం చెప్పాలిరా? ఇద్దరం అంత ఏడ్చాం. క్షమాపణ కూడా వచ్చేసింది. అక్కర్లేదని వెనక్కిస్తే తీసుకుంటారా?"

"అది నాకిచ్చెయ్ బావా," అన్నాడు డాక్టరు. నెత్తురు మింగుతూ అన్నాడు. వేళాకోళం కాదు.

బావ ఎడం చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "నాదేముంది, ఇచ్చేస్తా. మీ అక్కనడుగు."

అక్క సంచి ఏరుకుని లేచి నిలబడింది. తమ్ముణ్ణి ఒకసారి చూసి మొహం తిప్పుకుంది.

"ఇవాళ ఇవ్వను," అంది. "ఆరు రోజులు దాచిపెట్టి, నేనిచ్చిన టీ తాగావు. ఇవాళ నా వల్ల కాదు." మొగుణ్ణి ఎడమ చంక కింద పట్టుకుని లేపి గుమ్మం దాకా తీసుకెళ్ళింది. ఆఫీసుకి ఆరు మెట్లున్నాయి. బావకి ఇంకా తల తిరుగుతోంది, మొదటి మెట్టు మీదే ఊగాడు. ఆమె వెనక్కి తిరక్కుండానే అంది:

"నిలబడి చూస్తావేం? ఆ పక్క పట్టుకో. మెల్లిగా. చేతికి తగలకుండా."